ఆరో వేలు

1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడినప్పుడు తొలి ముఖ్యమంత్రి నీలం సంజీవరెడ్డి. అదే ఏడాది ఫిబ్రవరి 20న ఢిల్లీలో ఆంధ్ర నాయకులూ తెలంగాణ నాయకులూ ఎదురెదురుగా కూర్చుని ఒక ఒప్పందానికి వచ్చారు. చరిత్రలో దానికి పెద్దమనుషుల ఒప్పందమని పేరు. ముఖ్యమంత్రి ఒక ప్రాంతంవారైతే ఉపముఖ్యమంత్రి రెండో ప్రాంతంవారు కావాలన్నది అందులో ఒక షరతు. సంతకాలు చేసినవారిలో సంజీవరెడ్డిగారూ ఉన్నారు. తీరా మంత్రివర్గం కూర్చేనాటికి ఉపముఖ్యమంత్రి ఊసే లేదు. అదేమని అడిగితే, ఆ పదవి చేతికి ఆరో వేలులాంటిది, ఎందుకూ కొరగాదు అన్నారని ఇప్పటికీ చెప్పుకుంటారు.

మాట చమత్కారంగానే ఉంది. కాకపోతే 1953లో ఆంధ్ర రాష్ట్రం వచ్చినప్పుడు ప్రకాశం పంతులుగారి దగ్గర ఉపముఖ్యమంత్రి ఎవరయ్యా అంటే ఈ సంజీవరెడ్డిగారే. 1955లో బెజవాడ గోపాలరెడ్డిగారి దగ్గరా ఆయనే. తాను ఆరో వేలుగా ఉన్నన్నాళ్లూ ఆ వేలు దండగని ఆయనకు తోచినట్టు లేదు.

పోయిన పెద్దాయనను ఇప్పుడు ఎగతాళి చేసి నాకు ఒరిగేదేమీ లేదు. సంకీర్ణ ప్రభుత్వాల గురించి చదివినప్పుడల్లా, టీవీలో ఎవరైనా నాయకుడు మిత్రపక్షం చెయ్యి పైకెత్తి పట్టుకుని ఫొటోకు నిలబడినప్పుడల్లా నాకు ఈ ఘట్టమే గుర్తొస్తుంది. అంకెలు చాలనప్పుడు అవతలివాడికి కుర్చీ వెయ్యడం ఎవరైనా చేస్తారు. అంకెలు సరిపోయాక కూడా ఆ కుర్చీ అక్కడే ఉందా, లోపల సర్దేశారా అని చూస్తాను. ఏరు దాటాక తెప్ప తగలేయడమని మనవాళ్లు ఊరికే అనలేదు. తెప్పలు కట్టడంలో తెలుగు నాయకులది అందె వేసిన చెయ్యి. ఢిల్లీలో నాలుగు దశాబ్దాలుగా ఏ కూటమి కట్టినా దాని ముడుల్లో ఎక్కడో ఒకచోట తెలుగు చెయ్యి కనబడుతుంది. అదే నాయకులు హైదరాబాదుకో అమరావతికో తిరిగొచ్చాక మాత్రం ఇంకొకరితో కుర్చీ పంచుకున్న దాఖలాలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

సంకీర్ణం అనగానే ఉమ్మడి కుటుంబంతో పోల్చడం పత్రికలకు అలవాటు. ఆ పోలిక నాకు మింగుడుపడదు. ఉమ్మడి ఇంట్లో పెద్ద ఎవరో వయసే తేల్చేస్తుంది. అన్నదమ్ములు వేరుపడినా ఇంటిపేరు మారదు. ఇక్కడ ఒకే బల్ల చుట్టూ కూర్చున్నవాళ్లంతా మళ్లీ ఎన్నికల్లో ఒకే ఓటరు గడప ఎక్కాల్సినవాళ్లు. పక్కవాడు బలపడితే తన ఓటుకే గండి. ఢిల్లీలోనో విజయవాడలోనో ఇద్దరు నాయకులు చేతులు కలిపిన మర్నాడు పల్లెలో ఏం జరుగుతుందో చూసినవారికి ఈ సంగతి విడమరిచి చెప్పనక్కర్లేదు. నిన్నటిదాకా ఒకరి మీద ఒకరు పోలీసు కేసులు పెట్టుకున్న రెండు వర్గాలు ఒకే ప్రచార జీపెక్కాలి. రెండు కండువాలు ఒకే మెడలో వేసుకోవాలి. ఫ్లెక్సీ మీద ఎవరి ఫొటో ఎంత సైజులో ఉండాలన్న దగ్గర మొదటి తగాదా వస్తుంది. పొత్తు తత్త్వం తెలుసుకోవాలంటే రాజకీయ శాస్త్రం పుస్తకాలకంటే ముందు ఫ్లెక్సీలు చూడాలని నా నమ్మకం.

మన తొలి సంకీర్ణ పాఠాలన్నీ ప్రకాశం పంతులుగారి ఖాతాలోనే ఉన్నాయి. 1952 ఎన్నికల్లో ఉమ్మడి మద్రాసు శాసనసభలోని 375 స్థానాల్లో కాంగ్రెసుకు వచ్చినవి 152. కమ్యూనిస్టులు, ప్రజా పార్టీవారు, మరికొందరు కలిసి ప్రకాశంగారి నాయకత్వంలో ఐక్య ప్రజాతంత్ర కూటమి కట్టి, ప్రభుత్వం ఏర్పాటు చేస్తామని గవర్నరును అడిగారు. గవర్నరు శ్రీప్రకాశ మాత్రం ఆ ఎన్నికల్లో పోటీయే చెయ్యని రాజాజీని పిలిచి, శాసనమండలికి నామినేట్ చేసి ముఖ్యమంత్రిని చేశారు. ఎన్నికల తర్వాత కట్టిన కూటమికి విలువ ఎంత, గవర్నరు ముందుగా ఎవరిని పిలవాలి అన్న ప్రశ్నలు స్వతంత్ర భారతంలో అంత తొందరగా మన గుమ్మంలోకే వచ్చాయి. ఇప్పటికీ ఏదో ఒక రాష్ట్రంలో హంగ్ వచ్చినప్పుడల్లా అవే ప్రశ్నలు, అవే వాదనలు.

మరుసటి ఏడాది అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం వచ్చింది. కాంగ్రెసుకు సొంత బలం చాలదు. కమ్యూనిస్టులను దూరంగా ఉంచాలి. అందుకని ఎనభై ఏళ్లు దాటిన ప్రకాశంగారిని ప్రజా సోషలిస్టు పార్టీ నుంచి బయటకు రప్పించి ముఖ్యమంత్రిని చేశారు. పార్టీ లేని ముఖ్యమంత్రి, ముఖ్యమంత్రి పదవి లేని పెద్ద పార్టీ. పదమూడు నెలలు నడిచింది. మద్యనిషేధం మీద గొడవ ముదిరింది. గౌతు లచ్చన్న గీత కార్మికుల తరఫున సత్యాగ్రహానికి దిగారు. పంతులుగారు పట్టు సడలించలేదు. 1954 నవంబరులో అవిశ్వాస తీర్మానం వచ్చి ఒక్క ఓటు తేడాతో ప్రభుత్వం పడిపోయింది.

ప్రకాశంగారంటే నాకు గౌరవం. ఆ గౌరవంతోనే అంటున్నాను, ఆయనది ఉద్యమ నాయకత్వం. 1928లో సైమన్ కమిషన్ వచ్చినప్పుడు మద్రాసు వీధిలో తుపాకీకి రొమ్ము చూపించిన మనిషి. వెనక్కి తగ్గడం అక్కడ ఓటమి. సంకీర్ణంలో రోజుకు నాలుగుసార్లు వెనక్కి తగ్గాలి, తగ్గినట్టు ఎవరికీ అనిపించకుండా తగ్గాలి, తగ్గించినవాడు గెలిచానని సంబరపడేలా చూసి కూడా తన పని సాగించుకోవాలి. ఒకే మనిషిలో ఈ రెండు గుణాలూ ఉండడం అరుదు. ప్రజలు ప్రేమించేది మొదటి గుణాన్ని. ప్రభుత్వం నిలబడేది రెండో దాని మీద.

సంజీవరెడ్డిగారి కథ అక్కడితో అయిపోలేదు. 1977లో దేశమంతా జనతా గాలి వీస్తుంటే ఆంధ్రప్రదేశ్‌లో 42 లోక్‌సభ స్థానాల్లో 41 కాంగ్రెసుకే వచ్చాయి. మిగిలిన ఒక్కటీ నంద్యాల. అక్కడ జనతా పార్టీ తరఫున గెలిచింది ఆయనే. ఆ ఏడాదే రాష్ట్రపతి అయ్యారు. అలా ఢిల్లీలో తొలి కలగూరగంప ప్రభుత్వం పేకమేడలా కూలుతున్నప్పుడు తీర్పరి కుర్చీలో కూర్చోవలసి వచ్చింది. అప్పటికి మొరార్జీ దేశాయ్ దగ్గర ఒకరు కాదు, ఇద్దరు ఉపప్రధానులు: చరణ్‌సింగ్, జగ్‌జీవన్‌రామ్. ఇద్దరి చూపూ ప్రధాని కుర్చీ మీదే. 1979 జులైలో మొరార్జీ రాజీనామా చేశారు. సంజీవరెడ్డిగారు చరణ్‌సింగ్‌ను పిలిచారు. ఇందిరాగాంధీ మద్దతు ఉపసంహరించుకోవడంతో ఆయన సభ ముఖం చూడకుండానే ఆగస్టు 20న దిగిపోయారు. జగ్‌జీవన్‌రామ్‌కు అవకాశం ఇవ్వకుండా రాష్ట్రపతి లోక్‌సభను రద్దు చేశారు. ఆ నిర్ణయం మీద వాదోపవాదాలు ఇంకా ఆగలేదు. ఆరో వేలు అన్న మాట ఆ రోజుల్లో ఆయనకు గుర్తొచ్చిందో లేదో మనం ఊహించుకోవలసిందే.

ఇక ఎన్టీ రామారావు. ఆయన నాయకత్వ శైలి గురించి చెప్పేటప్పుడు తెలుగువాళ్లం అభిమానులమో విరోధులమో అయిపోతాం కానీ మధ్యలో నిలబడలేం. నేనూ అంతే. అయినా ఒక వైరుధ్యం మాత్రం ఎవరైనా ఒప్పుకోవాలి. 1983 మేలో, తాను ముఖ్యమంత్రి అయిన నాలుగు నెలలకే, దేశంలోని ప్రతిపక్ష నాయకులందరినీ విజయవాడకు రప్పించారు. 1984 ఆగస్టులో గవర్నరు రామ్‌లాల్ ఆయన ప్రభుత్వాన్ని బర్తరఫ్ చేసి నాదెండ్ల భాస్కరరావును గద్దెనెక్కించినప్పుడు ఆ స్నేహాలే అక్కరకొచ్చాయి. వామపక్షాలు, బీజేపీ, జనతా, అందరూ ఒకే వేదిక ఎక్కారు. గుండె ఆపరేషన్ చేయించుకుని వచ్చిన మనిషి చక్రాల కుర్చీలో రాష్ట్రపతి భవన్‌కు వెళ్లి, తన వెనకున్న ఎమ్మెల్యేలను చూపించారు. నెల తిరిగేసరికి మళ్లీ ముఖ్యమంత్రి అయ్యారు. 1988లో మద్రాసులో జాతీయ ఫ్రంట్ మొదలైతే దానికి అధ్యక్షుడూ ఆయనే. ద్రవిడ పార్టీ, అసోం పార్టీ, హిందీ ప్రాంతపు సోషలిస్టులు, ఇంతమందిని ఒక గొడుగు కిందికి తెచ్చిన ఘనత చిన్నది కాదు.

ఆ గొడుగు పట్టుకున్న మనిషే 1989 ఫిబ్రవరిలో బడ్జెట్ వివరాలు బయటికి పొక్కాయన్న అనుమానంతో హైదరాబాదులో మొత్తం మంత్రివర్గాన్ని ఒక్కవేటున ఇంటికి పంపారు. ఢిల్లీ కోసం ఏడూళ్లవాళ్లతో కలిసి భోంచేస్తూ, సొంత ఇంట్లో ఎవరినీ విస్తరి ముందు కూర్చోనివ్వలేదు. ఆ ఏడాది డిసెంబరులో జాతీయ ఫ్రంట్ ఢిల్లీలో గద్దెనెక్కింది. దాని అధ్యక్షుడు ఇక్కడ అధికారం పోగొట్టుకున్నారు. పోటీ చేసిన రెండు స్థానాల్లో కల్వకుర్తిలో ఓడారు. లోక్‌సభకు తెలుగుదేశం తరఫున గెలిచింది ఇద్దరే. ఫ్రంట్ కట్టినవాడికి ఆ ఫ్రంట్ ప్రభుత్వంలో చెప్పుకోదగ్గ బలం లేకపోయింది.

నాకు ఎన్టీఆర్ చేసిన వాటిల్లో అన్నిటికంటే నచ్చింది మరొకటి ఉంది. దాని గురించి మాట్లాడేవాళ్లు తక్కువ. 1991లో పీవీ నరసింహారావు పార్లమెంటు సభ్యుడు కాకుండానే ప్రధాని అయ్యారు. ఆరు నెలల్లో ఎన్నిక కావాలి. నంద్యాల ఉప ఎన్నికకు నిలబడ్డారు. అదే నంద్యాల. పార్టీ పుట్టుక నుంచీ కాంగ్రెసును ఎదిరించిన ఎన్టీఆర్, తెలుగువాడు ప్రధాని అయ్యాడు కాబట్టి తన పార్టీ అభ్యర్థిని నిలబెట్టనన్నారు. పొత్తు లేదు, సీట్ల పంపకం లేదు, ప్రతిఫలం లేదు. అవసరం లేని చోట చూపించిన ఆ మర్యాద కోసం ఆయన మిగతా కోపాలను కొన్నిటిని క్షమించవచ్చనిపిస్తుంది.

పీవీ నడిపింది కచ్చితంగా చెప్పాలంటే సంకీర్ణం కాదు, మైనారిటీ ప్రభుత్వం. ఇది ఇంకా కష్టం. సంకీర్ణంలో ఎవరితో బేరమాడాలో తెలుస్తుంది. మైనారిటీలో ప్రతి బిల్లుకూ ఒక కొత్త మిత్రుణ్ణి వెతుక్కోవాలి. నిర్ణయం తీసుకోకపోవడమూ ఒక నిర్ణయమేనన్న మాట ఆయన పేరు మీద స్థిరపడిపోయింది. మూతి బిగించుకుని, అందరి మాటా విని, ఎవరికీ జవాబివ్వకుండా పంపేసేవారని దగ్గరగా చూసినవాళ్లు రాశారు. పైకి చేతకానితనంలా కనిపించే ఆ పద్ధతిలో ఎంత పని జరిగిందో 1991 తర్వాతి ఆర్థిక విధానాలే సాక్ష్యం. అంత పెద్ద మార్పును సభలో సొంత మెజారిటీ లేని ప్రభుత్వం చేసింది. లోక్‌సభ ఉపసభాపతి పదవి ప్రతిపక్షమైన బీజేపీ సభ్యుడు మల్లికార్జునయ్యకు దక్కింది. 1994లో కశ్మీర్ విషయమై జెనీవాలోని ఐక్యరాజ్యసమితి మానవహక్కుల సమావేశానికి భారత బృందాన్ని నడిపించే పనిని పీవీ ప్రతిపక్ష నాయకుడు వాజ్‌పేయికి అప్పజెప్పారు. విదేశాంగ సహాయమంత్రి సల్మాన్ ఖుర్షీద్ ఆ బృందంలో సభ్యుడు. ప్రతిపక్ష నాయకుడి వెనక ప్రభుత్వ మంత్రి వెళ్లడం ఇవాళ ఊహకైనా అందుతుందా?

అయితే ఆ ఓపికే 1992 డిసెంబరు 6న దేశం కొంప ముంచింది. కల్యాణ్‌సింగ్ ప్రభుత్వం ఇచ్చిన హామీని నమ్మి ఎదురుచూశారు. సాయంత్రానికి అయోధ్యలో బాబ్రీ మసీదు లేదు. ఎదురుచూపు అన్నది పనిముట్టే కానీ సిద్ధాంతం కాదని ఆయనకు తెలియదనుకోను. అలవాటు మనిషిని అలా పట్టేస్తుంది. మరుసటి ఏడాది జులైలో అవిశ్వాస తీర్మానాన్ని 251కి 265 ఓట్లతో గట్టెక్కినప్పుడు జార్ఖండ్ ముక్తి మోర్చా సభ్యులకు ముడుపులు ముట్టాయన్న కేసు ఆయన మెడకు చుట్టుకుంది. 2000లో కింది కోర్టు శిక్ష వేసింది, 2002లో ఢిల్లీ హైకోర్టు కొట్టేసింది. ఓటుకు లంచం తీసుకున్న సభ్యుడికి రాజ్యాంగ రక్షణ ఉంటుందని ఆ కేసులోనే 1998లో సుప్రీంకోర్టు చెప్పిన మాట 2024 మార్చి దాకా చెల్లుబాటయింది. అప్పుడు ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం దాన్ని తోసిపుచ్చింది. అంకెలు చాలని ప్రభుత్వాల చీకటి కోణం ఇది. దీన్ని దాచి సంకీర్ణాలను మెచ్చుకోవడం నిజాయితీ అనిపించుకోదు.

1996 నుంచి 1998 దాకా దేశ రాజకీయాలు కొన్నాళ్లు ఢిల్లీ ఆంధ్రా భవన్‌లో కాపురం పెట్టాయి. పదమూడు పార్టీల యునైటెడ్ ఫ్రంట్‌కు చంద్రబాబునాయుడు కన్వీనరు. పప్పు, గోంగూర పచ్చడి కోసం క్యూ కట్టే ఉత్తరాదివారికి ఆ భవనం ప్రధానమంత్రులను ఎంపిక చేసే చోటని కూడా అప్పుడే తెలిసింది. 1997 ఏప్రిల్‌లో కాంగ్రెసు దేవెగౌడను దింపేశాక కొత్త పేరు కోసం నాయకులు గంటల తరబడి అక్కడే తర్జనభర్జన పడ్డారు. ఇందర్ కుమార్ గుజ్రాల్ అలసిపోయి పక్కగదిలో నిద్రపోతుంటే, తెలుగుదేశం ఎంపీ ఒకరు వెళ్లి, లేవండి, మీరే ప్రధాని అని తట్టి లేపారని కథ. నిజమెంతో కానీ ఆ రోజుల స్వభావానికి సరిగ్గా సరిపోయే కథ. బలమైనవాళ్లు ఒకరినొకరు కొట్టేసుకున్నాక, ఎవరికీ కోపం తెప్పించనివాడు మిగులుతాడు. నిద్రపోతున్నవాడు ఎవరికి కోపం తెప్పిస్తాడు?

ఆ ముందు ఏడాది జ్యోతిబసుకు అదే పదవి ఇస్తామంటే సీపీఎం కేంద్ర కమిటీ వద్దంది. దాన్ని చారిత్రక తప్పిదమని బసుగారే తర్వాత అన్నారు. సీపీఐ మాత్రం లోపలికి వచ్చింది, ఇంద్రజిత్ గుప్తా హోం మంత్రి అయ్యారు. ఒకే జెండా రంగు, రెండు దారులు. నా సానుభూతి లోపలికి వచ్చినవారితోనే.

ఎందుకంటే బయటి నుంచి మద్దతు అనే ఏర్పాటు మీద నాకు చాలాకాలంగా మంట. ఉన్న అధికారమంతా చేతిలో ఉంటుంది, జవాబుదారీ ఇసుమంత ఉండదు. చరణ్‌సింగ్, చంద్రశేఖర్, దేవెగౌడ, గుజ్రాల్. నలుగురినీ నిలబెట్టిందీ కాంగ్రెసే, నలుగురినీ పడగొట్టిందీ కాంగ్రెసే. వారిలో చంద్రశేఖర్‌ది మరీ విడ్డూరం. 1991 మార్చిలో రాజీవ్‌గాంధీ ఇంటి దగ్గర హర్యానా కానిస్టేబుళ్లు ఇద్దరు కనిపించారని, తమ మీద నిఘా పెట్టారని గొడవ మొదలై ప్రభుత్వమే పోయింది. 1999 నుంచి 2004 దాకా 29 మంది ఎంపీలతో వాజ్‌పేయికి దన్నుగా నిలిచిన తెలుగుదేశం కూడా ఒక్క మంత్రి పదవీ తీసుకోలేదు. దాన్ని త్యాగమని అప్పట్లో పొగిడారు. పదవి తీసుకోనివాడు తప్పులో వాటా కూడా తీసుకోడు కదా అని నాకప్పుడే అనిపించింది.

1999 ఏప్రిల్ 17 మధ్యాహ్నం మాత్రం ఎవరూ మర్చిపోలేరు. మా వీధిలో టీవీ ఉన్న ప్రతి ఇంట్లోనూ క్రికెట్ మ్యాచ్‌కు చేరినంత జనం. జయలలిత మద్దతు ఉపసంహరించుకున్నాక వాజ్‌పేయి విశ్వాస పరీక్ష. సభాపతి స్థానంలో మన కోనసీమవాడు జీఎంసీ బాలయోగి. ఒడిశా ముఖ్యమంత్రిగా వెళ్లినా ఇంకా ఎంపీగానే ఉన్న గిరిధర్ గమాంగ్ ఓటు వెయ్యవచ్చా అన్న ప్రశ్న వచ్చింది. దాన్ని ఆయన అంతరాత్మకే వదిలేశారు బాలయోగి. గమాంగ్ ఓటేశారు. నేషనల్ కాన్ఫరెన్సుకు చెందిన సైఫుద్దీన్ సోజ్ తన పార్టీ మాట కాదని వ్యతిరేకంగా వేశారు. బోర్డు మీద 269, 270. మా ఇంట్లో అప్పుడు కొద్దిసేపు ఎవరూ మాట్లాడలేదు, తర్వాత అందరూ ఒకేసారి మాట్లాడారు. బాలయోగి సొంత పార్టీ వాజ్‌పేయి వైపు ఓటేసింది. ఒక్క ఓటు తేడాతో తమ ప్రభుత్వమే పడుతుంటే ఆయన నియమం పట్టుకుని కూర్చున్నారు. ఆయన గురించి పాఠ్యపుస్తకాల్లో ఇంకాస్త ఎక్కువ ఉండాల్సింది.

కాగితం మీద రాసుకుంటే పొత్తులు నిలుస్తాయా? జర్మనీవాళ్లు 2021లో మూడు పార్టీల ప్రభుత్వం కోసం 177 పేజీల ఒప్పందం రాసుకున్నారు. 2024 నవంబరులో ఛాన్సలర్ షోల్జ్ తన ఆర్థికమంత్రిని తీసేయడంతో అదీ కూలింది. బెల్జియంలో 2010 ఎన్నికల తర్వాత ప్రభుత్వం ఏర్పడడానికే 541 రోజులు పట్టింది. మనకు పేజీలు తక్కువ, మాటలు మెత్తన. 2004లో యూపీఏ కనీస ఉమ్మడి కార్యక్రమంలో తెలంగాణ గురించి తగిన సమయంలో, సంప్రదింపులతో, ఏకాభిప్రాయంతో అని రాశారు. ఆ మూడింటిలో ఏ ఒక్కటీ ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పలేదు. రాష్ట్రంలో అప్పుడు కాంగ్రెసుకు 294లో 185 స్థానాలు. టీఆర్ఎస్‌కు 26. కలిసి పోటీ చేశారు కాబట్టి వారికీ మంత్రి పదవులిచ్చారు. కానీ లెక్క ప్రకారం వారు అక్కర్లేదు, ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. 2005లో ఆ మంత్రులు రాజీనామా చేసి బయటికొచ్చారు. మరుసటి ఏడాది కేసీఆర్ కేంద్ర మంత్రివర్గం నుంచి తప్పుకున్నారు. అక్కర్లేని మిత్రుణ్ణి నిలుపుకోవాలన్న ఆలోచన ఆనాడు కాంగ్రెసుకు వచ్చి ఉంటే తర్వాతి పదేళ్లు ఎలా ఉండేవో.

రాష్ట్రం విడిపోయాక మన రెండు రాష్ట్రాల్లోనూ ఇంకో పద్ధతి స్థిరపడింది. పొత్తులో అవతలివాడు అవతలివాడుగానే ఉంటాడు, అలుగుతాడు, అడుగుతాడు. అతన్ని కలిపేసుకుంటే ఆ బాధ లేదు. 2014 తర్వాత ఆంధ్రప్రదేశ్‌లో వైఎస్సార్‌సీపీ ఎమ్మెల్యేలు 23 మంది అధికార పార్టీలోకి వచ్చారు, నలుగురు మంత్రులయ్యారు. 2019లో ఓడిన తెలుగుదేశానికి మిగిలినవీ సరిగ్గా 23 స్థానాలే. ఆ అంకె మీద శాసనసభలో ఎన్ని ఛలోక్తులు పడ్డాయో లెక్కలేదు. తెలంగాణలో 2018లో 119కి 88 స్థానాలు గెలిచిన టీఆర్ఎస్‌కు అదీ చాల్లేదు. కాంగ్రెసు ఎమ్మెల్యేలు పన్నెండు మందిని విలీనం చేసుకుంది. ఆరో వేలు సంగతి కూడా మారిపోయింది. 2019లో 151 స్థానాలతో వచ్చిన జగన్‌మోహన్‌రెడ్డి ఏకంగా ఐదుగురు ఉపముఖ్యమంత్రులను పెట్టారు. ఒకాయన ఒక్కరికీ ఇవ్వలేదు, ఇంకొకాయన ఐదుగురికిచ్చారు. అధికారం మాత్రం రెండు చోట్లా ఒక్కరి చేతిలోనే ఉంది.

ఇప్పుడు మన కళ్ల ముందున్నది ఎప్పుడూ లేని ఏర్పాటు. 2023 సెప్టెంబరులో చంద్రబాబు రాజమహేంద్రవరం జైలులో ఉండగా పవన్ కల్యాణ్ వెళ్లి కలిసి, బయటికొచ్చి గేటు దగ్గరే పొత్తు ప్రకటించారు. అవతలివాడి కష్టంలో చెప్పిన మాట కాబట్టి దానికి బరువెక్కువ. మరుసటి ఏడాది ఎన్నికల్లో ఆయన పార్టీ జనసేన 21 చోట్ల పోటీ చేసి 21 చోట్లా గెలిచింది. పిఠాపురంలో తెలుగుదేశం పాత ఎమ్మెల్యే సీటు వదులుకుని పవన్ కోసం ఓట్లడిగారు. 175లో కూటమికి 164. అందులో తెలుగుదేశానికే 135. అంటే 88 చాలే చోట 135 ఉన్నాయి. ఢిల్లీలో లెక్క తలకిందులు. బీజేపీ 240 దగ్గర ఆగింది. ఎన్డీయే మొత్తం 293లో తెలుగుదేశం 16, జేడీయూ 12 తీసేస్తే 265. మెజారిటీకి 272 కావాలి.

చంద్రబాబు ఒక్కరే, ఒకే వారంలో, రెండు లెక్కల్లోనూ కూర్చుంటున్నారు. గన్నవరంలో విమానం ఎక్కేటప్పుడు భాగస్వాములు అక్కర్లేని ముఖ్యమంత్రి. ఢిల్లీలో దిగేసరికి సొంత అంకెలు చాలని పార్టీకి కావలసిన భాగస్వామి. 2018 మార్చిలో ప్రత్యేక హోదా మీద ఇదే బంధం తెంచుకుని, జులైలో ఇదే ప్రభుత్వం మీద అవిశ్వాసం పెట్టి 126కి 325తో ఓడిన అనుభవం ఆయనకుంది. అప్పుడు మోదీకి సొంత మెజారిటీ ఉంది, తెలుగుదేశం అక్కర్లేని మిత్రుడు. అక్కర్లేని మిత్రుడి చోట కూర్చుంటే ఎలా ఉంటుందో ఆయనకు ఒకరు చెప్పనక్కర్లేదు. అది మనసులో పెట్టుకుని ఇక్కడ 21 మందిని చూస్తారా, లేక సంజీవరెడ్డిగారిలాగా చూస్తారా అన్నది ఈ ఐదేళ్లలోనూ నాకున్న ఏకైక ఆసక్తి.

పెద్ద నాయకుల మధ్య తేడా వస్తే అది అందరికీ తెలిసేలోగా సర్దుబాటు అయిపోతుంది. ఫోన్లు ఉన్నాయి, రాయబారాలు నడిపేవాళ్లున్నారు. అసలు పరీక్ష కిందే జరుగుతుంది. మండలంలో దేవస్థానం ట్రస్టు బోర్డు ఎవరిది, సహకార సంఘానికి పర్సన్ ఇన్‌చార్జి ఎవరు, ఎమ్మెల్యే మన పార్టీవాడు కాని చోట మనవాడికి పెన్షన్ కాగితం మీద సంతకం ఎవరు పెట్టిస్తారు. అందుకే ప్రమాణ స్వీకారాల ఫొటోలు నేనంత పట్టించుకోను. మార్కెట్ కమిటీ ఛైర్మన్ల జాబితా వచ్చిన రోజు మాత్రం పేపర్లో ముందు జిల్లా పేజీయే తీస్తాను.